పంపాక కాస్త వదిలేద్దాం

మా తిరుపతిలో ఇప్పుడు ఏ అపార్ట్‌మెంటు మెట్ల దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు నిలబడి మాట్లాడుకుంటున్నా, ఆ మాటల్లో ఒక అమెరికా ఊరి పేరు వినబడుతుంది. ఎమ్మెస్ అంటే అందరికీ తెలుసు. లోను, వీసా, ఉద్యోగం, ఆ తర్వాత పెళ్ళి, ఆ తర్వాత కాన్పుకు అమ్మ విమానమెక్కడం. లెక్క మొత్తం కళ్ళకు కట్టినట్టు ఉంటుంది. ఎక్స్ఛేంజి స్టూడెంటు అంటే మాత్రం మనవాళ్ళ తలకెక్కదు. "ఆరు నెల్లకి పొయ్యి మళ్ళీ వచ్చేస్తుందా? దానికి అంత ఖర్చెందుకు? టూరా?" అని మా వీధిలో నన్ను అడగనివాళ్ళు లేరు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆడపిల్లకు ఇలాంటి ఆరు నెలలు దొరికితే అప్పు చేసైనా పంపాలి. పంపాక మాత్రం వెంటపడకూడదు. మొదటి మాటను ఒప్పుకునేవాళ్ళు కొందరైనా ఉన్నారు. రెండో మాట దగ్గరే మా ఇంట్లో యుద్ధం జరిగింది.

తెలియనివాళ్ళ కోసం కాస్త వివరం. ఎక్స్ఛేంజిలో పిల్ల చదివేది మన కాలేజీలోనే, డిగ్రీ ఇచ్చేదీ మన కాలేజీయే. మధ్యలో ఒక సెమిస్టరు, మహా అయితే రెండు, ఒప్పందం ఉన్న బయటి దేశం యూనివర్సిటీలో చదివి, అక్కడ తెచ్చుకున్న క్రెడిట్లను ఇక్కడ కలుపుకుంటుంది. ఫీజు మామూలుగా ఇక్కడే కడతాం, అక్కడ మళ్ళీ ట్యూషన్ ఫీజు అడగరు. గది, తిండి, టికెట్టు మనవి. యూరప్‌లో 1987లో ఎరాస్మస్ అనే పేరుతో ఈ పద్ధతి మొదలుపెట్టారు. అక్కడ డిగ్రీ మధ్యలో ఒక సెమిస్టరు పక్క దేశంలో చదివి రావడం పెద్ద విశేషమేమీ కాదు.

మా పెద్దది ఇంజినీరింగ్ మూడో ఏడాదిలో ఉండగా 2024 అక్టోబరులో జర్మనీకి పోయింది. పెద్ద ఊరేమీ కాదు, మన చిత్తూరంత ఉంటుంది. అప్పుడు వీసాకు నెలకు 992 యూరోల లెక్కన ముందే ఒక ఖాతాలో వేసి చూపించాల్సి వచ్చింది. బ్లాక్డ్ అకౌంట్ అంటారు. వేసిన డబ్బు మనదే అయినా, అక్కడికి పోయాక నెలకింత అని మాత్రమే తీసుకోనిస్తారు. అప్పటి మన రూపాయల్లో నెలకు దాదాపు 90 వేలు. ఐదారు నెలలకు మీరే లెక్క వేసుకోండి. నా హారం, నాలుగు గాజులు బ్యాంకుకు పోయాయి. ఈ మాట రాసేటప్పటికి గాజులు వచ్చాయి, హారం ఇంకా అక్కడే ఉంది. "కూతురి పెండ్లికి పెట్టాల్సిన బంగారం కూతురి షికారుకు పెట్టినావు" అన్నారు మా బంధువుల్లో ఒకావిడ. పెళ్ళిలో పిల్ల మెడలో వేసేదీ అదే బంగారం, పిల్ల కాళ్ళ కింద వేసేదీ అదే బంగారం, తేడా ఏముందక్కా అన్నాను. ఆమె నాతో రెండు నెలలు మాట్లాడలేదు. అదీ ఒక లాభమే.

నేను ఇంత పట్టుబట్టడానికి ఒక కారణం ఉంది. బీఏ అయ్యాక తిరుపతి వచ్చి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో పైచదువు చదవాలని నాకుండేది. ఆడపిల్లల కోసమే 1983లో పెట్టిన యూనివర్సిటీ అది. చిత్తూరు నుంచి 70 కిలోమీటర్లు. మా నాయన "హాస్టల్లో ఎవురు చూస్తారు?" అన్న ఒక్క ముక్కతో ఆ సంగతి మూసేశారు. ఆయన చెడ్డవారేం కాదు. ఆయన భయం ఆయనది. కానీ ఆయన భయానికి నేను చదువు కట్టాను. ఇప్పుడు 70 కిలోమీటర్ల భయం ఏడు వేల కిలోమీటర్ల భయమైంది, అంతే. భయం మాత్రం అదే భయం.

మా హాల్లో పంచాయితీ జరిగిన రోజు మా అత్త, మా ఆయన, మా బావగారు, నేను, అందరం మాట్లాడాం. "అక్కడ మనోళ్ళు ఎవురుండారు?" అని అత్త. "క్యాంపస్ ఇంటర్వ్యూలు పోతాయేమో" అని మా ఆయన. పిల్ల సోఫా చివర కూర్చుని ఫోను చూసుకుంటోంది. గంటసేపు మాట్లాడిన తర్వాత నాకు తట్టింది, ఆ పిల్లను ఒక్కరూ ఒక్క మాట అడగలేదని.

మన మదనపల్లె వాళ్ళకు ఈ కథ కొత్తది కాదు. జిడ్డు కృష్ణమూర్తి 1895లో మదనపల్లెలో పుట్టారు. తల్లి సంజీవమ్మ 1905లో పోయారు. తండ్రి నారాయణయ్య 1909లో పిల్లలతో మద్రాసు అడయారుకు, థియోసాఫికల్ సొసైటీకి చేరారు. అనీబిసెంట్ కృష్ణమూర్తినీ, తమ్ముడు నిత్యానందనూ తన సంరక్షణలోకి తీసుకుంది. తండ్రి కాగితం మీద సంతకం పెట్టారు. 1911లో ఆమె ఇద్దరినీ ఇంగ్లండు తీసుకుపోయింది. ఆ మరుసటి ఏడే నారాయణయ్య నా బిడ్డలు నాకు కావాలని మద్రాసు హైకోర్టుకు ఎక్కారు. 1913లో తీర్పు ఆయన వైపే వచ్చింది. 1914లో లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాన్ని కొట్టేసింది. ఎందుకంటే, మిగతా కారణాలు ఎలా ఉన్నా, ఆ పిల్లల ఇష్టమేమిటో కోర్టు కనుక్కోలేదు, వాళ్ళ తరఫున మాట్లాడేవాళ్ళు లేరు అని. ఇంత గొడవలో ఇద్దరు పెద్దవాళ్ళు, లాయర్లు, కోర్టులు. నిత్యానంద మళ్ళీ మదనపల్లె పిల్లాడు కాలేదు. 1925లో కాలిఫోర్నియాలో క్షయతో పోయాడు. నాకు ఆ తండ్రి మీద కోపం రాదు, జాలి వస్తుంది. భార్య లేదు, బిడ్డలు చేతుల్లోంచి జారిపోయారు. అయినా ఆ తీర్పులోని ఒక్క ముక్క నాకు నచ్చుతుంది. పిల్లలను అడిగారా?

అడిగాం. "పోతాను" అంది. "ఎందుకు?" అన్నారు మా బావగారు. "ఏమో పెద్దనాన్నా, పోతే తెలుస్తుంది" అంది. ఇంతకంటే నిజాయితీ అయిన జవాబు ఆ రోజు హాల్లో ఇంకెవరూ చెప్పలేదు.

ఇక పెట్టె సంగతి. పెట్టెకు 23 కిలోలు. మన ఆడవాళ్ళ ప్రేమకు ఎయిర్‌లైన్సు వాళ్ళు పెట్టిన హద్దు అది. మా అత్త నిప్పట్లు, మనుగుబూలు, శెనగ్గింజల ఊరిమిండి, చింతకాయ తొక్కు, ఒక సీసా నెయ్యి సిద్ధం చేసింది. నెయ్యి పోనివ్వరని చెబితే నమ్మలేదు. బయటి దేశాల నుంచి వచ్చేవాళ్ళు మాంసం, పాల సరుకులు వెంట తేకూడదని యూరప్ నిబంధన. పచ్చి కరివేపాకుకు కూడా తెగులు లేదనే సర్టిఫికెట్టు ఉండాలట. "నెయ్యికి కూడా వీసానా!" అంది అత్త. నేను సగం డబ్బాలు తీసి పక్కన పెట్టి ఒక చిన్న కుక్కరు, పోపుల డబ్బా, రెండు కిలోల రాగిపిండి, ఒక ప్లాస్టిక్ మగ్గు పెట్టాను. ఆ మగ్గు చూసి మా చిన్నది పడీ పడీ నవ్వింది. నవ్వితే నవ్వనీ. అక్కడి బాత్రూముల్లో కాగితమే గతి. చేరిన రెండో రోజు పిల్ల నుంచి వచ్చిన మెసేజీ ఒకటే: "అమ్మా, మగ్గుకు థాంక్స్."

వండి కట్టిన డబ్బా నెల రోజుల్లో అయిపోతుంది. వండుకునే గిన్నె ఆరు నెలలు ఉంటుంది. పెట్టె సర్దే అమ్మలకు నేను చెప్పేది ఇంతే.

అక్కడ కుదురుకోవడం అంటే ఏమిటో మనం ఇక్కడ కూర్చుని ఊహించేది వేరు. మనం భాష, చలి, తిండి అనుకుంటాం. పిల్లకు మొదటి దెబ్బ ఆదివారం నాడు తగిలింది. జర్మనీలో ఆదివారం అంగళ్ళు మూత. మన వీధి చివర చెట్టియారు అంగడి లాంటిది రాత్రి పదింటికి కూడా తెరిచి ఉంటుందనుకునే పిల్లకు, శనివారం సాయంత్రంలోగా పాలు, బ్రెడ్డు కొని పెట్టుకోకపోతే ఆదివారం ఏమీ దొరకదని ఎవరు చెబుతారు? మొదటి ఆదివారం రాగిజావ తాగి పడుకుంది. రెండోది కాగితాలు. గదిలో దిగిన రెండు వారాల్లోగా ఊరి ఆఫీసుకు పోయి "నేను ఈ అడ్రసులో ఉంటున్నాను" అని రాయించుకోవాలి. ఆ కాగితం లేకపోతే మిగతా పనులు ఒక్కొక్కటీ ఆగుతాయి. రాత్రి పది దాటితే చప్పుడు చేయకూడదు. చెత్త నాలుగు రకాలుగా విడగొట్టాలి. ప్లాస్టిక్ బాటిలు పారేయకూడదు, అంగట్లో మిషన్‌లో వేస్తే 25 సెంట్లు వెనక్కి ఇస్తారు. ఎంత చలైనా రోజూ కిటికీలు బార్లా తెరిచి గదికి గాలి పోనివ్వాలి, లేకపోతే గోడలకు బూజు పడుతుందని ఇంటివాళ్ళు ఒప్పుకోరు. పోపు పెడితే పొగ అలారం మోగుతుంది. ఆవాలు చిటపటమనే లోపల కిటికీ తెరవడం తనకు ఇంజినీరింగ్ కంటే బాగా వచ్చిందని చెప్పింది.

ఇది చదువుతుంటే మీకేమైనా గుర్తొస్తోందా? నాకైతే నా కాపురం మొదటి ఏడాది గుర్తొచ్చింది. ఈ ఇంట్లో నీళ్ళు ఎప్పుడు పడతాయి, ఏ గిన్నె దేనికి, ఎవరు ఏ పక్క కూర్చుంటారు, పెద్దాయన పడుకున్నాక టీవీ పెట్టకూడదు. పరాయి ఇంటి రూళ్ళు ఎవరూ రాసివ్వరు, తప్పు చేసినప్పుడే తెలుస్తాయి. తేడా ఏమంటే, అక్కడ ఓరియెంటేషన్ అని ఒక వారం పెట్టి ఇవన్నీ చెప్పి, ఒక సీనియర్ పిల్లను తోడిస్తారు. మనకు అది కూడా లేదు, తిరుగు టికెట్టు అసలే లేదు.

ఆ ఓరియెంటేషన్‌లో పిల్లకు ఒక గీత చూపించారట. ఇంగ్లీషు యూ అక్షరంలా ఉంటుంది. స్వెరె లిస్‌గార్డ్ అనే నార్వే ఆయన 1955లో రాసిన సంగతి. ఫుల్‌బ్రైట్ సాయంతో అమెరికా పోయి వచ్చిన 200 మంది నార్వే వాళ్ళను మాట్లాడించి చూస్తే, ఆరు నెలల లోపు ఉండి వచ్చినవాళ్ళు, పద్దెనిమిది నెలలు దాటి ఉన్నవాళ్ళు బాగానే కుదురుకున్నామన్నారు. మధ్యకాలం ఉన్నవాళ్ళే ఎక్కువ ఇబ్బంది పడ్డారు. మొదట్లో అంతా వింతగా, బాగా ఉంటుంది. ఆ తర్వాత మనసు పల్లంలోకి పడుతుంది. మళ్ళీ మెల్లగా ఎక్కుతుంది. ఈ గీత అందరికీ సరిపోదని తర్వాతి పరిశోధకులు చెప్పారనుకోండి, మనుషులు ఒక అక్షరంలో ఒదుగుతారా? మా పిల్లకైతే పల్లం రెండో నెలలోనే వచ్చింది.

నవంబరులో అక్కడ సాయంత్రం నాలుగున్నరకే చీకటి. డిసెంబరుకు నాలుగింటికే. పొద్దున ఎనిమిదైనా వెలుగు రాదు. ఎండకు భయపడి కర్టెన్లు వేసుకునే తిరుపతి పిల్ల, ఎండ కోసం బస్టాపులో ముఖం పైకెత్తి నిలబడే రోజులు వచ్చాయి. "అమ్మా, ఇక్కడ బస్సులో ఎవరూ ఎవరితో మాట్లాడరు. నేను నిన్న పొద్దుటి నుంచి రాత్రి దాకా ఒక్క మాట కూడా పైకి మాట్లాడలేదు" అంది ఒకరోజు. వినగానే కడుపులో చెయ్యి పెట్టి కలిపినట్టయింది.

సరిగ్గా ఇక్కడే నా రెండో మాట. పిల్ల పోయేముందే నేనొక షరతు పెట్టాను. రోజూ వీడియో కాల్ ఉండదు. బుధవారం పది నిమిషాలు, ఆదివారం ఎంతసేపైనా. మధ్యలో రోజూ ఒక మెసేజీ, "తిన్నాను" అని చాలు. మా ఆయన నన్ను రాతిగుండె అన్నారు. అత్త మూడు రోజులు నాతో ముభావంగా ఉంది. కానీ లెక్క చూడండి. అక్టోబరు చివరి ఆదివారం వాళ్ళు గడియారాలు గంట వెనక్కి తిప్పుకుంటారు, అప్పటి నుంచి మనకూ వాళ్ళకూ తేడా నాలుగున్నర గంటలు. మనింట్లో భోజనాలై, సీరియల్ అయి, తీరుబడిగా ఫోను పట్టుకునే తొమ్మిదిన్నర అక్కడ సాయంత్రం ఐదు. క్లాసులు అయిపోయి, పిల్లలు "పద అంగడికి పోదాం", "క్రిస్మస్ సంత చూద్దాం" అని గుంపుగా కదిలే వేళ అది. ఆ వేళకు రోజూ "మా అమ్మ ఫోన్ చేస్తుంది" అని గదికి పోయే పిల్లను నాలుగో రోజు ఎవరు పిలుస్తారు? ఒంటరిగా ఉందని మనం ఫోను చేస్తాం. ఫోను చేయబట్టే ఒంటరిగా ఉండిపోతుంది.

మా వీధిలోనే ఒక కుటుంబం ఉంది. వాళ్ళ బాబు బయటి దేశంలో చదువుకుంటున్నాడు. రాత్రి భోజనాల టేబుల్ మీద ఫోను నిలబెట్టి ఉంచుతారు, అక్కడి నుంచి బాబు కూడా చూస్తుంటాడు. చూసేవాళ్ళకు ముచ్చటగా ఉంటుంది. ఆ బాబు అక్కడికి పోయి ఏడాదిన్నర అయింది, ఇంకా ఒక్క స్నేహితుడి పేరు కూడా వాళ్ళమ్మకు తెలియదు. ఉంటే కదా. మంచం అక్కడ, మనసు ఇక్కడ. పిల్లవాణ్ణి పంపినట్టా, పంపనట్టా?

నా పక్షాన నేను గట్టిగా ఉన్నానని చెప్పుకుంటున్నాను కానీ, జనవరిలో నా గట్టితనానికి పరీక్ష వచ్చింది. పిల్లకు 103 జ్వరం. శుక్రవారం రాత్రి మొదలైంది. మెసేజీలో మామూలుగానే "తిన్నాను" అని పెట్టింది. ఆదివారం కాల్‌లో ముఖం చూశాక గాని మాకు తెలియలేదు. మా ఆయన ఫోను నా చేతికిచ్చి లేచి పోయారు. "నీ రూళ్ళు నువ్వే చూసుకో" అన్నది ఆ రాత్రి ఆయన నాతో అన్న ఒకే మాట. నాకు నిద్ర పట్టలేదు. అయితే పిల్ల చెప్పిన సంగతి కూడా విన్నాను. డాక్టర్లు లేని వేళల్లో పిలవాల్సిన 116117 నంబరు తనకు తెలుసు. తనే ఫోన్ చేసింది. ఇన్సూరెన్సు కార్డు పట్టుకుని పోయింది. ఒంటరిగా కాదు, వంటగది స్నేహితురాలు, స్పెయిన్ పిల్ల, కోటు తొడిగి తీసుకుపోయింది. రెండు రోజులు సూపు కాచి ఇచ్చింది. రోజూ సాయంత్రం ఐదింటికి నాతో మాట్లాడుతూ కూర్చుని ఉంటే ఆ స్పెయిన్ పిల్ల మా పిల్లకు దొరికేదా అని నేను అడుగుతాను. "నీకు చెప్పకుండా రెండు రోజులు జ్వరంతో పడుంది కదా" అని మా ఆయన అడుగుతారు. ఇద్దరం ఇప్పటికీ అక్కడే ఉన్నాం. ఆయన మాటను కొట్టిపారేయలేను, నా మాటను వదులుకోలేను.

ఆ వంటగది గురించి రెండు ముక్కలు చెప్పాలి. హాస్టల్లో ఒక అంతస్తు అందరికీ ఒకే వంటగది. జర్మన్ పిల్లలు సాయంత్రం ఆరింటికే బ్రెడ్డు, చీజు తిని ముగించేస్తారు. స్పెయిన్ వాళ్ళకు మనలాగే రాత్రి తొమ్మిది దాటితే గాని అన్నం వేళ కాదు. అందువల్ల తొమ్మిదింటికి ఆ వంటగదిలో మిగిలేది వీళ్ళిద్దరే. భాష కాదు, రంగు కాదు, ఆకలి వేళలు కలిసి స్నేహమయ్యారు. ఊరిమిండి బ్రెడ్డుకు పూసుకుని తిన్నదట ఆ పిల్ల. అత్తకు చెబితే రెండు నిమిషాలు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "నెయ్యేసుకుంటే ఇంకా బాగుండేది" అంది.

మార్కుల సంగతి నవ్వొస్తుంది. ఒక సబ్జెక్టులో 1.7 వచ్చింది. మా బావగారు "పదికి ఒకటిన్నర తెచ్చుకోను ఇంత దూరం పోవాల్నా?" అన్నారు. అక్కడ 1.0 అంటే అన్నిటికంటే మేలు, 4.0 దాకా పాసు, 5.0 అంటే తప్పినట్టు. తలకిందుల లెక్క. అది అర్థం చేయించడానికి నాకు ఒక పూట పట్టింది. అక్కడి క్రెడిట్లను ఇక్కడ కలిపించడానికి మాత్రం ఒక పూట సరిపోలేదు. పోయేముందే ఏ సబ్జెక్టుకు బదులు ఏ సబ్జెక్టో కాగితం మీద రాయించి సంతకాలు పెట్టించుకోండి. లేకపోతే పిల్ల అక్కడ పాసై ఇక్కడ మళ్ళీ రాయాలి. మా పిల్ల రాయించుకుంది కాబట్టి బతికిపోయింది.

పోవడం కంటే రావడం కష్టం. ఇది మాకెవరూ చెప్పలేదు. గల్లాహార్న్ అనే దంపతులు 1963లోనే రాశారట, తిరిగొచ్చిన తర్వాత ఇంకో పల్లం ఉంటుందని. యూ పక్కన ఇంకో యూ, డబ్ల్యూ అన్నమాట. మార్చిలో వచ్చిన పిల్ల మొదటి వారం నిద్రపోయింది, రెండో వారం అన్నీ తిన్నది, మూడో వారం నుంచి ఇంట్లో వింత చూపులు. పొద్దున్నే అన్ని కిటికీలు తెరుస్తుంది, దుమ్మొస్తుందని అత్త మూస్తుంది. చెత్త విడగొడుతుంది. తలుపు కొట్టకుండా గదిలోకి వస్తే ముఖం ముడుచుకుంటుంది. "ఆరు నెల్లకే దొరసానైపోయింది" అన్నారు చుట్టాలు. పిల్ల నా దగ్గరకొచ్చి "అమ్మా, నాకు అక్కడ ఇల్లు గుర్తొచ్చేది, ఇక్కడ ఆ గది గుర్తొస్తోంది. నాకేమైనా అయిందా?" అంది.

ఏమీ కాలేదమ్మా. పెళ్ళయిన ఏడాదికి పుట్టింటికి పోయి "టీపొడి డబ్బా యాడ పెట్టినావమ్మా?" అని అడగాల్సి వచ్చిన ప్రతి ఆడదానికీ అదే అయింది. నేనా మాట పిల్లకు చెప్పాను. చుట్టాలకు మాత్రం ఇంకోటి చెప్పాను. అన్నీ మామూలుగానే ఉండాలంటే పంపకుండానే ఉండొచ్చు కదా, అన్ని లక్షలెందుకు? మారినందుకే డబ్బులు కట్టాం. గది తలుపు కొట్టి రావడం మా ఇంట్లో ఇప్పుడు అందరికీ అలవాటైంది. అత్తకు కాలేదు. ఆవిడ వయసుకు ఆ మినహాయింపు ఇచ్చాం.

మగపిల్లలున్న తల్లులకు ఒక్క మాట. మా ఆడబిడ్డ కొడుకు కూడా ఇలాగే ఫ్రాన్సుకు పోయాడు. తెలివైన పిల్లాడు. అన్నం వార్చడం రాదు, బట్టలు ఉతకడం రాదు, బాత్రూము కడగాలని తెలియదు. అక్కడ హాస్టల్లో కడిగే వంతులు ఉంటాయి. మొదటి నెల ఆ పిల్లాడు చదువుకంటే ఎక్కువగా నేర్చుకున్నది చీపురు పట్టడం. మనం ఆడపిల్లకు "అత్తారింట్లో ఏమనుకుంటారో" అని నేర్పించే పనులన్నీ ఎవరింట్లోనైనా బతకడానికి కావలసిన పనులు. అవి మగపిల్లాడికి నేర్పకుండా ఇరవై ఏళ్ళు పెంచి, విమానమెక్కించేటప్పుడు ఏడిస్తే ఏం లాభం?

ఇంత రాశాక ఒక సంగతి నన్ను గుచ్చుతోంది. ఎక్స్ఛేంజి అంటే ఇచ్చిపుచ్చుకోవడం కదా. పంపడం గురించే మాట్లాడుతున్నాం, పుచ్చుకోవడం మాటేమిటి? అమెరికా ప్రభుత్వం 2002లో మొదలుపెట్టిన కెనెడీ-లూగర్ యూత్ ఎక్స్ఛేంజిలో హైస్కూలు వయసు పిల్లలు ఒక విద్యా సంవత్సరం అక్కడి కుటుంబాల ఇళ్ళలో ఉండి చదువుకుంటారు. తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు కూడా అలా పోయి వచ్చారు. కూలి పనులు చేసుకునే తల్లిదండ్రుల బిడ్డలను ముక్కూ ముఖం తెలియనివాళ్ళు ఇంట్లో గది ఇచ్చి, అన్నం పెట్టి, బడికి పంపారు. అలా పెట్టుకున్న కుటుంబాలకు జీతం ఏమీ ఉండదు. మన తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీ ఉంది, 2015 నుంచి ఐఐటీ, ఐసర్ ఉన్నాయి. రేపు అలాంటి పిల్ల ఎవరైనా ఇక్కడికి చదువుకోవడానికి వస్తే మనలో ఎంతమంది ఇంట్లో పెట్టుకుంటాం? గది అద్దెకిచ్చేముందే "మీరేమిట్లు?" అని అడిగే వీధులు మనవి. పక్క జిల్లా పిల్లకే గది ఇవ్వడానికి కులం, కూర, వచ్చే స్నేహితులు, రాత్రి ఎన్నింటికి వస్తుందో అన్నీ విచారిస్తాం. మన పిల్లకు మాత్రం ఏడు వేల కిలోమీటర్ల అవతల ఎవరో మంచి మనుషులు దొరకాలని శ్రీవారికి మొక్కుకుంటాం. వేంకటేశ్వరస్వామి నవ్వుకోడా?

ఈ ప్రశ్న మా ఇంటికే వచ్చింది. ఆ స్పెయిన్ పిల్ల వచ్చే జనవరిలో ఇండియా వస్తోంది, మూడు వారాలు మా ఇంట్లో ఉంటానని అడిగింది. మా ఆయన సరేనన్నారు. పై ఫ్లోర్ ఆవిడ అప్పుడే వచ్చి "ఏం తింటుందంట, ఎలాంటి బట్టలేసుకుంటుందంట" అని రెండు ప్రశ్నలు వేసి పోయింది. నాకున్న దిగులల్లా గది ఒక్కటే, మా చిన్నదాని పరీక్షలు అప్పుడే. అత్త గది ఖాళీ చేసి ఇవ్వాలి, ఆవిడ హాల్లో పడుకోవాలి. ఎలా అడగాలా అని నేను మూడు రోజులుగా నసుగుతుంటే, నిన్న రాత్రి ఆవిడే అడిగింది, "ఆ పిల్లకు సంగటి మెత్తగా కెలకాల్నా, గట్టిగా కెలకాల్నా? మీ కూతుర్నడిగి చెప్పు" అని.